సూరమ్మ గారి రేకు కత్తెర

మొన్న ఇల్లు మారుతూ అటక మీది సామాను దింపుతుంటే ఒక పొడవాటి రేకు గొట్టం బయటపడింది. మూత తీసి దులిపితే లోపలినుంచి రెండు బొద్దింకలు, ఒక డ్రాయింగు షీటు వచ్చాయి. మా ఆవిడ షీటును నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు చెప్పులు పెట్టి, కాసేపు చూసి, "పీత బొమ్మ ఎందుకు వేశారండీ?" అంది. పీత కాదు, రేకులు కత్తిరించే కత్తెర అని చెప్పాను. "కత్తెరకి ఇన్ని కాళ్ళేంటి?" అంది. అవి కాళ్ళు కావు, కొలతల బాణాలు. షీటు కింద కుడి మూల గడిలో 'రూపకల్పన' అన్నచోట నా పేరుంది. 'తనిఖీ' అన్నచోట నా పేరుంది. 'ఆమోదం' అన్నచోటా నా పేరే, పైగా సంతకం కింద రెండు గీతలు. ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో నా పని నేనే చేసి, నేనే సరిచూసి, నేనే మెచ్చుకుని ఆమోదించుకున్నాను. ఆ కత్తెర ఎవరి కోసమో ఆ మనిషి పేరు మాత్రం షీటు మీద ఎక్కడా లేదు.

అప్పుడు మేము సామర్లకోటలో ఉండేవాళ్ళం. నాన్నగారు స్టేషన్లో గూడ్సు క్లర్కు. నేను కాకినాడలో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, నాలుగైదు చోట్లకు అప్లికేషన్లు పంపి, ఇంట్లో కూర్చున్నాను. పొద్దున్నే పంచదార ఫ్యాక్టరీ మీదుగా గాలి తిరిగితే మడ్డి వాసన ఇల్లంతా కమ్ముకునేది. తీపీ పులుపూ కలిసిన ఆ వాసనలోనే అమ్మ కాఫీ కలిపేది, నాన్నగారు వరండాలో మేకుకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకునేవారు. సబ్బు నురగ మొహాన ఉన్నంతసేపూ ఆయనను ఎవరూ పలకరించకూడదు. ఆయన కూడా ఎవరినీ పలకరించేవారు కాదు, నురగ కడిగేసుకున్నాక కూడా పెద్దగా పలకరించేవారు కాదు. ఆ లోటంతా మా నాయనమ్మ తీర్చేది. గుమ్మం పక్కన పీట మీద కూర్చుని, అడకత్తెరతో వక్కలు కత్తిరించుకుంటూ, వీధిలో వెళ్ళే ప్రతివాళ్ళనూ ఆపి "మా మనవడు ఇంజినీరండి" అని చెప్పేది. డిప్లొమాకీ ఇంజినీరుకీ తేడా ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, ఎవరైనా "ఇంజినీరు గారూ" అని పిలిస్తే ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగేవాణ్ణి, ఏదో లెక్కలో మునిగి ఉన్నవాడిలా.

ఒకరోజు అమ్మ నీళ్ళ బకెట్టు అడుగు కారుతోందని, సూరమ్మ గారి కొట్టుకు పట్టుకెళ్ళి మాటు వేయించుకు రమ్మంది. ఇంజినీరు చేతిలో చిల్లు బకెట్టా అని నసిగాను. నాయనమ్మ నా పక్షమే వహించింది గానీ అమ్మ వినలేదు. చివరికి బకెట్టు మీద తువ్వాలు కప్పి తీసుకెళ్ళాను. దారిలో ఎదురైన వాళ్ళందరూ బకెట్టులో ఏముందని అడిగారు. తువ్వాలు కప్పకపోతే ఒక్కరూ అడిగేవారు కాదు.

సూరమ్మ గారి కొట్టు రైలు గేటు దాటగానే, రోడ్డువారన ఒక రేకుల షెడ్డు. ఆవిడ భర్త అప్పారావు గారు ట్రంకు పెట్టెలకు పేరు మోసిన మనిషి. రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయారు. ఇంక కొట్టు మూతబడినట్టే అని ఊరంతా అనుకుంది. పెద్దకర్మ అయిన వారానికి సూరమ్మ గారు తలుపు తీసి, ఆయన కూర్చునే గోనెపట్టా మీదే కూర్చుని పని మొదలుపెట్టారు. అప్పటికి ఆవిడకు యాభై దాటి ఉంటాయి. నేను వెళ్ళేసరికి షెడ్డంతా టంకం వేసే యాసిడ్ పొగ, బొగ్గు సెగ, ఎక్కడినుంచో ఆముదం వాసన. ఆవిడ నేల మీద రేకు పరిచి, కత్తెర కింది పిడిని పాదంతో తొక్కిపట్టి, పై పిడిని అరచేత్తో నొక్కుతున్నారు. ప్రతి నొక్కుకూ తల ఒక పక్కకు వాల్చి, కత్తెర అవతలికి తొంగిచూస్తున్నారు. ఒక మణికట్టుకు వెచ్చచేసిన ఆముదపు ఆకులు చుట్టి గుడ్డ కట్టి ఉంది.

"చెయ్యికి ఏమైందండి?" అన్నాను.

"ఈ కత్తెర బాబూ. మా ఆయన చేతిలో చెప్పినట్టు వినేది, నాతో పేచీ పెడతంది. వాపు తగ్గితేనా? జూన్‌లో పిల్లలు హాస్టళ్ళకి వెళ్ళేలోపు నలభై పెట్టెలు చేసిస్తానని మాటిచ్చాను. చెయ్యి ఇలాగే ఉంటే కొట్టు మూసేసి పిఠాపురం మా తమ్ముడింటికి పోవడమే. రమ్మనే అంటన్నారు. వెళ్తే ఏముంది, మూలన కూచోబెట్టి ఇంత పెడతారు."

ఆ చివరి మాట ఆవిడ మామూలుగానే అన్నారు గానీ, కత్తెర మాత్రం రేకు మీద ఆగిపోయింది. ఇంట్లో ఒక మూల కూర్చుని ఇంత తినడం అంటే ఏమిటో నాకు ఆ రోజుల్లో బాగానే తెలుసు. వెంటనే, "నేను మీకు కొత్త కత్తెర డిజైన్ చేసి పెడతానండి" అన్నాను.

"కత్తెరకి డిజైనేంటి బాబూ? రెండు కత్తులు, మధ్యలో ఒక మేకు. అంతేగా."

నాకు పౌరుషం వచ్చింది. పిడి పొడవెంత, కత్తి పొడవెంత, చేతి బలం ఎక్కడ పుట్టి ఎక్కడికి చేరుతుంది అని పాఠం మొదలుపెట్టాను. బొగ్గుముక్కతో నేల మీద బొమ్మలు కూడా వేశాను. ఆవిడ ఊఁ కొడుతూ నా బకెట్టు అడుగు గీకి, శుభ్రంచేసి, టంకం పోసి, నీళ్ళు నింపి చూసి, నా ముందు పెట్టారు. నా పాఠం అప్పటికి సగమే అయింది.

మర్నాడు రికార్డు పుస్తకం, పెన్సిలు, స్కేలు పట్టుకుని వెళ్ళాను. "చెయ్యి ఇలా పెట్టండి" అంటే ఆవిడ కుడి అరచెయ్యి చీరకు తుడుచుకుని పుస్తకం మీద పెట్టారు. కట్టు ఉన్నది రెండో చేతికి. కట్టు లేని చెయ్యి ఇచ్చారు, కొలతకు అడ్డం లేదు, బాగుంది అని సంతోషించాను. చుట్టూ పెన్సిలుతో గీసి, ఒక్కో వేలూ కొలిచి రాసుకున్నాను. ఆవిడ పని చేసే పద్ధతిని కూడా గంటసేపు పరిశీలించి అదే పేజీలో ఇలా రాశాను: 'కూర్చునే తీరు సరిగా లేదు. తల అనవసరంగా వంచుతున్నారు. శిక్షణ అవసరం.'

తరవాతి మూడు వారాలూ మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. పాత పెళ్ళి శుభలేఖల అట్టలన్నీ కత్తెరలైపోయాయి. అట్టలను కలపడానికి గుచ్చిన డ్రాయింగు పిన్నులు చాప మీద రాలి, అమ్మ కాలికి ఒకటి, నా కాలికి మూడు గుచ్చుకున్నాయి. పిడికీ నోటికీ ఉన్న నిష్పత్తి చూద్దామని నాయనమ్మ అడకత్తెర మేకు ఊడదీశాను. మళ్ళీ బిగించడం రాలేదు. రెండు రోజులు ఆవిడ వక్కలు లేకుండా గడిపింది. ఆ రెండు రోజులూ వీధిలో ఎవరికీ మనవడి చదువు సంగతి చెప్పలేదు. నా కత్తెరకు ఒక్కొక్క హంగూ చేరుతూ వచ్చింది. నొక్కి వదిలితే దానంతట అదే తెరుచుకునే స్ప్రింగు, బొటనవేలు ఆనడానికి గుంట, వేళ్ళు జారకుండా గట్టు, బలం రెట్టింపు కావడానికి మూరెడు పిడి. నాన్నగారు ఒక సాయంత్రం డ్యూటీనుంచి వచ్చి, చొక్కా విప్పుతూ నా బల్ల మీదికి చూసి, "ఆవిణ్ణి అడిగావా?" అన్నారు.

"కొలతలు తీసుకున్నానండి."

"కొలతల సంగతి కాదు. అడిగావా అని."

ఏమడగాలో నాకు అర్థం కాలేదు. తలూపాను. ఆయన చొక్కా కొక్కేనికి తగిలించుకుని వెళ్ళిపోయారు.

కత్తెర కొట్టినది కమ్మరి వీర్రాజు గారు. లారీ కమాను పట్టీతో ఆయన చేసిన కత్తులకు ఆ చుట్టుపక్కల మంచి గిరాకీ. నా షీటును అటూ ఇటూ తిప్పి చూసి, "బొమ్మ బాగుందండి. ఇది ఎవరి చేతికండి?" అన్నారు.

"సూరమ్మ గారికి."

ఆయన నా మొహం చూశారు, షీటు చూశారు, మళ్ళీ నా మొహం చూశారు. "మరి ఇలాగే కొట్టమంటారా?"

"డ్రాయింగు ప్రకారం కొట్టండి. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నాను. నాకు బాగా గుర్తు, ఆ మాట అంటున్నప్పుడు చేతులు రెండూ వెనక్కి కట్టుకుని ఉన్నాను.

కత్తెర తయారైన రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. వీర్రాజు గారు వచ్చారు. నాన్నగారు భోజనానికి ఇంటికెళ్తూ సైకిలు ఆపుకుని నిలబడ్డారు. పెట్టె కోసం వచ్చిన ఒక తండ్రీ కూతురూ కూడా ఉన్నారు. సూరమ్మ గారు కొత్త కత్తెరను కళ్ళకద్దుకుని, పెట్టె మూతకని గీసిపెట్టుకున్న రేకు ముందు కూర్చుని, దాన్ని ఎడమచేతిలోకి తీసుకున్నారు.

బొటనవేలి గుంట ఆవిడ కణుపు మీదికి వచ్చింది. వేళ్ళ గట్టు అరచేతిలో గుచ్చుకుంది. నొక్కితే రేకు తెగకుండా రెండు కత్తుల మధ్య మడతపడింది. నేను చిరునవ్వుతో, "అలా కాదండి. కుడిచేత్తో పట్టుకోవాలి" అన్నాను. ఆవిడ ఇబ్బందిగా ఒకసారి అందరినీ చూసి, చెయ్యి మార్చారు. యాభై ఏళ్ళలో ఆ చెయ్యి కత్తెర పట్టింది లేదు. నా స్ప్రింగు చాలా బలమైనది, దాన్ని అణచడానికి ఆవిడ ఒళ్ళంతా ముందుకు వంచి నొక్కారు. కత్తెర గీత దాటి పరుగెత్తింది, మూరెడు పిడి చేతిలోంచి జారింది, ఆ ఊపుకు కుడి అరచెయ్యి తెగిన రేకు అంచు మీద పడింది.

నాన్నగారు సైకిలు వదిలేసి జేబురుమాలుతో ఆవిడ చేతిని బిగించి పట్టుకున్నారు. డాక్టరు గారు నాలుగు కుట్లు వేశారు. వీర్రాజు గారు గోడ వైపు చూస్తూ, "నేను అడిగానండి. ఎవరి చేతికని అడిగాను" అని రెండుమూడుసార్లు అన్నారు. ఆ అమ్మాయి తండ్రి పెట్టె ఇంకెక్కడైనా చూసుకుంటాంలెండి అని వెళ్ళిపోయాడు. ఇంటికి వెళ్ళే దారిలో నాన్నగారు సైకిలు నడిపించుకుంటూ నా పక్కనే నడిచారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే నా దారి కాస్త దగ్గరయ్యేది.

సంగతి విని అమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "ఆవిడది పుర్రచెయ్యి కదరా! ఊరందరికీ తెలుసు. కాపరానికి వచ్చిన కొత్తలో వాళ్ళత్తగారు ఆ చెయ్యికి గుడ్డ కట్టి ఉంచేదిట. ఇచ్చేదీ పుచ్చుకునేదీ తినేదీ కుడిచేత్తోనే, పని మాత్రం ఆ చెయ్యే చేస్తుంది. అంతసేపు ఎదురుగా కూచుని ఏం చూశావురా?"

ఏం చూశానో పుస్తకంలో రాసే ఉంది. శిక్షణ అవసరం.

మర్నాడు పొద్దున్నే కొట్టుకు వెళ్ళాను. ఆవిడ రెండు చేతులకూ రెండు కట్లతో గోనెపట్టా మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా రేకుల దొంతర. క్షమించమని అడగడానికి ఇంటి దగ్గర ఒక వాక్యం తయారుచేసుకున్నాను. ఆ దొంతర చూశాక దానికి బదులు "మీరు గీత ఎక్కడో చెప్పండి, నేను కోస్తాను" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆ చొక్కా విప్పి మేకుకి తగిలించండి బాబూ. యాసిడ్ పడితే చిల్లులు పడతాయి" అన్నారు.

అలా నేను తయారుచేసిన కత్తెరతో నేనే రేకులు కోశాను. అది కుడిచేతి కత్తెర, నాది కుడిచెయ్యి. అయినా మధ్యాహ్నానికల్లా బొటనవేలు ఆనే గుంటలో నా బొటనవేలి చర్మం ఊడివచ్చింది. వేళ్ళ గట్టు దగ్గర వరసగా నాలుగు బొబ్బలు. మూరెడు పిడి ప్రతి నొక్కుకూ నా మోకాలికి తగిలేది. రెండోరోజు స్ప్రింగును పట్టకారుతో పీకి పారేసి, దానంతట అదే ఊడిపోయిందని చెప్పాను. "ఊడిపోతాయి బాబూ, అక్కర్లేనివి" అన్నారావిడ. నేను గీత మీద కోస్తే, "గీత మీద కాదు, గీత కనబడేట్టు దాని పక్కన" అని దిద్దేవారు. మూతకు ఎంత మడత వదలాలో, మూలలు ఎలా నొక్కాలో చెప్పేవారు. మా ఇంట్లో నన్ను ఇంజినీరని పిలవడం మానేశారు. ఆవిడ ఒక్కరే ఏ వెటకారమూ లేకుండా అలాగే పిలుస్తూ వచ్చారు, నాకు అదే ఎక్కువ కష్టంగా ఉండేది.

వారం గడిచాక, టీ తాగుతుండగా, ముందే అడగవలసిన మాట అడిగాను. "కత్తెర పట్టుకుంటే మీకు ఎలా ఉంటుందండి?"

ఆవిడ గ్లాసు కింద పెట్టారు. ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. "గీత కనబడదు బాబూ" అన్నారు. "పైకత్తి వచ్చి దాని మీద కూచుంటది. మెడ వంచి అవతలికి చూస్తే ఇంత కనబడతది. మిగతాదంతా చెయ్యి ఎటు పోతే అటే. మా ఆయన ఉన్నప్పుడు అనేవోడు, నీ కోత వంకర అని. ఆయనకి కనబడేది, నాకు కనబడేది కాదు. అందరికీ ఇలాగే ఉంటదేమో అనుకున్నాను."

కత్తెరను ఎడమచేతిలోకి మార్చి రేకు మీద పెట్టి చూశాను. నిజమే, గీత మాయమైంది. పైకత్తి తలుపు వేసినట్టు దాన్ని మూసేసింది. తెలియకుండానే నా తల పక్కకు వాలింది. అచ్చం ఆవిడ తలలాగే.

ఆ సాయంత్రం మొదటి కత్తెర బొమ్మ ఉన్న పల్చటి ట్రేసింగు కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ అద్దానికి ఆనించాను. అవతలి వెలుతురులో కత్తెర ఎడమచేతి వాటానికి తిరిగింది. పైకత్తి రెండోవైపుకు వెళ్ళింది. కావలసింది అంతే. మూడు వారాల తెలివంతా కలిపి చెయ్యలేని పనిని కాగితం తిరగబడి చేసింది. స్ప్రింగు కొట్టేశాను, గుంట, గట్టు కొట్టేశాను, పిడి సగానికి తగ్గించాను. చివరికి ఆవిడ మొదటిరోజు చెప్పిందే మిగిలింది, రెండు కత్తులు, మధ్యలో ఒక మేకు. వీర్రాజు గారు కాగితం అందుకుని, "ఈసారి ఏ చెయ్యండి?" అన్నారు. అని, నేను జవాబు చెప్పేదాకా కొలిమి తిత్తి ముట్టుకోలేదు.

ఆ తరవాత నాకు విశాఖలో ఒక డ్రాయింగు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్ళుగా అదే పని. ఇప్పుడు తెర మీద ఒక్క మీట నొక్కితే ఏ బొమ్మైనా తిరగబడుతుంది, కిటికీ అక్కర్లేదు, ఎండా అక్కర్లేదు. వాడేవాళ్ళ అభిప్రాయాలు ఫారాల్లో నింపి వస్తాయి, ఫారం నింపిన మనిషి మెడ ఎటు వాల్చాడో అందులో ఉండదు. నేను గీసిన వాటిలో చాలా వస్తువులు ఎవరి చేతికి వెళ్ళాయో కూడా నాకు తెలియదు. కొత్త పని వస్తే అది వాడే మనిషి దగ్గర ముందు రెండు రోజులు ఊరికే కూర్చుని వస్తాను. కుర్రాళ్ళు దాన్ని నా వినయం అనుకుంటారు. వినయం కాదు, భయం. ట్రంకు పెట్టెలు పోయి చక్రాల సూట్‌కేసులు వచ్చాక సూరమ్మ గారు కొంతకాలం చూరు గొట్టాలూ గరాటాలూ చేశారు. సెలవుల్లో వెళ్తే పక్కనున్న వాళ్ళకు నన్ను చూపించి, "ఈ బాబే నా చెయ్యి కోసిన ఇంజినీరు" అనేవారు. రెండో కత్తెర సంగతి కూడా చెబుతారేమోనని కాసేపు ఎదురుచూసేవాణ్ణి. ఎప్పుడూ చెప్పలేదు.

రెండో కత్తెర తీసుకెళ్ళిన రోజున నేను ఎవరినీ పిలవలేదు. మామూలు చొక్కా వేసుకుని వెళ్ళాను. అప్పటికి ఎడమచేతి వాపు తగ్గింది, కుడిచేతి కుట్లు విప్పారు. ఆవిడ రేకు మీద మేకుతో గీత గీసుకుని, కత్తెర ఎడమచేతిలోకి తీసుకుని, అలవాటుగా తల పక్కకు వాల్చారు. మొదటి నొక్కు నొక్కారు. రేకు మడతపడలేదు, సన్నగా కిర్రుమని తెగింది. రెండో నొక్కు. మూడోదానికి ఆగిపోయారు. వాలిన తల మెల్లగా నిటారుగా లేచింది. అలాగే కిందికి చూస్తూ చాలాసేపు కదలలేదు. ఏదో తప్పు జరిగిందనుకుని ఒక అడుగు ముందుకు వేశాను.

"కనబడతంది" అన్నారు, నాతో కాదు.

తరవాత ఆవిడ కోయడం మొదలుపెట్టారు. మూతలు, అడుగులు, పక్కలు. తెగిన రేకుల అంచులు చుట్టలు చుట్టుకుని ఎడంపక్క కాకుండా కుడిపక్క రాలుతున్నాయి. ఒక గూడ్సు బండి వెళ్ళింది, ఒక ప్యాసింజరు వెళ్ళింది. తెచ్చిన టీ చల్లారింది. నేను ఎదురుగా నిలబడి ఒక్క మెచ్చుకోలు మాట కోసం చూస్తున్నాను. ఆవిడ ఆఖరికి తలెత్తారు. నేను ఇంకా అక్కడే ఉన్నానని అప్పుడే గమనించినట్టున్నారు.

"కాస్త పక్కకి జరగండి బాబూ. మీ నీడ గీత మీద పడతంది."

జరిగాను.